నాన్న కెనానెట్‌కి ఏ సెల్లు వేయాలి? పీఎక్స్ 625 ఎక్కడా దొరకట్లేదు

కడప_కెనానెట్
అందరికీ నమస్తే. ఇక్కడ కొత్త, తప్పులుంటే ఏమనుకోకండి. మా నాన్న 1981లో కువైట్ నుంచి సెలవుకి వచ్చినప్పుడు తెచ్చిన కెనానెట్ క్యూఎల్17 జీ3 ఫిల్మ్ కెమెరా బీరువాలో ఇన్నేళ్ళూ తోలు కవరులోనే ఉండిపోయింది. పోయిన నెల బయటికి తీశాను. షట్టరు బాగానే కొడుతోంది, లెన్సులో కొంచెం బూజు ఉంది అంతే. అడుగున సెల్లు మూత ఐదు రూపాయల బిళ్ళతో తిప్పితే వచ్చింది. లోపల పాత సెల్లు పచ్చగా చిలుము పట్టి ఉంది, తుడిస్తే "పీఎక్స్ 625, 1.35 వోల్ట్" అని కనిపించింది.

ఊళ్ళో అడిగితే ఎల్ఆర్ 44 అనే చిన్న బటన్ సెల్లు ఇచ్చారు, అది లోపల గలగలలాడుతోంది. ఆన్‌లైన్‌లో "625ఏ" అని ఒకటి దొరికింది, సరిగ్గా పట్టింది, వెలుతురు కొలిచే మీటరు ముల్లు కదిలింది, అబ్బ అనుకుని కెమెరాని ఆటో మోడ్‌లో పెట్టి ఒక రీలు మొత్తం కొట్టేశాను. కడిగించి స్కాన్ చేయిస్తే 36లో ముప్పై దాకా చీకటిగా, మట్టిరంగు గ్రెయిన్‌తో వచ్చాయి. ల్యాబ్ అతను "అండర్ అయింది మేడమ్" అన్నాడు, అంటే వెలుతురు తక్కువ పడిందట. కెమెరా పాడైందా, సెల్లు తప్పా? రీళ్ళ ధరలు చూస్తున్నారుగా, ఇంకోటి తగలబెట్టే ధైర్యం లేదు.

ఫిలిం_బాబాయ్
కెమెరా శుభ్రంగా ఉందమ్మా, సెల్లుదే తప్పు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే సెల్లుదీ కాదు, వోల్టేజీది.

పాత పీఎక్స్ 625 పాదరసం సెల్లు. దాని గొప్పతనం ఏమిటంటే కొత్తప్పుడు 1.35 వోల్ట్ ఉంటుంది, చచ్చే ముందు రోజుదాకా దాదాపు అంతే ఉంటుంది. ఆ రోజుల్లో కంపెనీలవాళ్ళు ఆ స్థిరత్వాన్ని నమ్ముకుని, వోల్టేజీని సరిచేసే సర్క్యూట్ ఏదీ పెట్టకుండా మీటర్లు కట్టేశారు. నువ్వు వేసిన 625ఏ ఆల్కలైన్, 1.5 వోల్ట్. వోల్టేజీ ఎక్కువైతే మీటరులో కరెంటు ఎక్కువ పారుతుంది, ముల్లు పైకి పోతుంది, కెమెరా "అబ్బో వెలుతురు దండిగా ఉంది" అనుకుని అపెర్చర్‌ని, అంటే లెన్సులో వెలుతురు దూరే కన్నాన్ని, చిన్నది చేసేస్తుంది. నీ ఫోటోలు చీకటిగా రావడానికి అదే కారణం.

ఇంకో చిక్కుంది. ఆల్కలైన్ వాడుతున్నకొద్దీ 1.5 నుంచి మెల్లగా దిగుతూ పోతుంది. అంటే ఈ వారం ఒక తప్పు, వచ్చే నెల ఇంకో తప్పు. ఎంత సరిచేసుకోవాలో కూడా లెక్క తేలదు.

కోఠి_కుర్రోడు
అంత ఎందుకు బాబాయ్, 400 స్పీడు ఫిల్మ్ వేసి ఫిల్మ్ స్పీడు రింగు మీద 200 పెట్టేస్తే అయిపోయె. నేను మినోల్టా ఎస్ఆర్‌టీ 101కి రెండేళ్ళ నుంచి అట్లనే కొడుతున్న. నెగటివ్ ఫిల్మ్‌కి ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు, ఎక్కువైతే ఏం గాదు.

ఫిలిం_బాబాయ్
నెగటివ్ ఎక్కువ వెలుతురు ఓర్చుకుంటుంది, తక్కువ ఓర్చుకోదు, అంతవరకు ఒప్పుకుంటాను. నీ పద్ధతి పని జరుపుకోవడానికి పరవాలేదు. కానీ తప్పు అన్ని వెలుతుర్లలో ఒకేలా ఉండదు తమ్ముడూ. ఎండలో ఒక స్టాప్ తేడా వచ్చినది నీడలో ఇంకోలా వస్తుంది. మిట్టమధ్యాహ్నం చూసి సరిపెట్టుకున్నది సాయంత్రం పెళ్ళి పందిట్లో తప్పుతుంది. స్లైడ్ ఫిల్మ్ వేసేవాళ్ళయితే అసలు ఆ జోలికి పోవద్దు.

కోఠి_కుర్రోడు
స్లైడ్ ఫిల్మ్ కొనేటంత పైసలుంటే ఈడ ఎందుకు ఉంటా బాబాయ్ 😄

డల్లాస్_డార్క్‌రూమ్
ఇక్కడ కూడా పాత పాదరసం సెల్లు దొరకదండీ. అమెరికాలో 1996లోనే చట్టం చేసి ఆపేశారు. తర్వాత పాదరసాన్ని అదుపుచేసే మినమాటా అంతర్జాతీయ ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, మన దేశం 2018లో చేరింది. కాబట్టి ఎవరైనా "ఒరిజినల్ పాత స్టాకు" అని అమ్మితే అది ఎన్నో ఏళ్ళ నాటి చచ్చిన సెల్లే, మీదుమిక్కిలి లోపల పాదరసం. కొనకండి.

పాత సెల్లు ఉంది కదా, దాన్ని చెత్తబుట్టలో వేయకండి, గోళ్ళతో గీకకండి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

వోల్టేజీ మాత్రం సరిపోయే దారులు రెండే. ఒకటి గాలి తగిలితే పనిచేసే జింక్-ఎయిర్ సెల్లు, రెండోది సిల్వర్ ఆక్సైడ్ సెల్లుకి వోల్టేజీ తగ్గించే అడాప్టర్. 625 ఆకారంలోనే తయారుచేసిన 1.35 వోల్ట్ జింక్-ఎయిర్ సెల్లు ఇక్కడ అమ్ముతారు, వెయిన్ సెల్ అంటారు. ధర చూస్తే మాత్రం గుండె ఆగుతుంది.

సత్తెనపల్లి_షట్టర్
వెయిన్ సెల్లు కోసం అమెరికా నుంచి ఎవరినో తెమ్మనక్కర్లేదు. చెవి మిషన్లు అమ్మే షాపుకి వెళ్ళి 675 నంబరు అడగండి, ప్రతి జిల్లా కేంద్రంలో ఉంటాయి. ఆరు సెల్లుల అట్ట ఇస్తారు. అదీ జింక్-ఎయిరే, 1.4 వోల్ట్, పాత పాదరసానికి చాలా దగ్గర, చివరిదాకా నిలకడగా ఉంటుంది. నేను నా ఒలింపస్ ఓఎం-1 కెమెరాలో ఇదే వాడతాను.

రెండు సంగతులు. సెల్లు వెనక ఒక స్టిక్కరు ఉంటుంది, అది పీకిన క్షణం నుంచి దాని ఆయుష్షు మొదలు. చిన్న రంధ్రాల్లోంచి గాలి లోపలికి వెళ్ళాలి, అదే దాని ఆహారం. స్టిక్కరు పీకి ఐదు నిమిషాలు బల్ల మీద పెట్టి, అప్పుడు కెమెరాలో వేయండి. పీకగానే వేసేసి "పనిచేయట్లేదు" అని తిట్టుకునేవాళ్ళు చాలామంది. మళ్ళీ స్టిక్కరు అతికిస్తే ఆగుతుంది అనుకోవడం కూడా భ్రమే, కొంచెం నెమ్మదిస్తుందేమో గానీ ఆగదు.

ఆయుష్షు ఒక నెల నుంచి మూడు నెలలు. కడప ఎండలకి తొందరగా ఎండిపోతుంది, లోపల తడి ఉంటేనే దాని బతుకు.

కడప_కెనానెట్
చాలా థ్యాంక్స్ అన్నా. 675 తెచ్చాను. కానీ ఇది కూడా ఎల్ఆర్ 44 అంతే ఉంది, గలగలలాడుతోంది. టేపు చుట్టనా?

సత్తెనపల్లి_షట్టర్
టేపు చుట్టకండి, ఎండకి జిగురు కారి లోపలంతా అంటుకుంటుంది. 625 వెడల్పు 15.6 మిల్లీమీటర్లు, ఎత్తు 6. మీ 675 వెడల్పు 11.6, ఎత్తు 5.4. అంటే చుట్టూ రెండు మిల్లీమీటర్ల ఖాళీ. ప్లంబింగ్ సామాన్ల షాపులో కుళాయిలకి వేసే నల్ల రబ్బరు ఓ-రింగులు ఉంటాయి, సెల్లు తీసుకెళ్ళి దానికి బిగుతుగా పట్టేది ఎంచుకోండి. పక్కలు పూర్తిగా కప్పేయకుండా, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. ఎత్తు చాలక కాంటాక్ట్ అందకపోతే చాక్లెట్ రేకు చిన్న ముక్క మడిచి పెట్టండి. రేకు అంచు మాత్రం పక్కకి జారి రెండు ధ్రువాలకీ తగలకూడదు, అట్లా తగిలితే షార్టే.

ప్లస్సు ఎటు అన్నది అన్ని కెమెరాల్లో ఒకటి కాదు, గది లోపల గానీ మూత మీద గానీ గుర్తు ఉంటుంది, అది చూసి వేయండి.

అపెర్చర్_అక్క
సెల్లు వేసేముందు ఆ చిలుము తీయమ్మా. ఆల్కలైన్ కారితే తెల్లటి పొడి, అది క్షారం, దానికి వెనిగర్ పనిచేస్తుంది. నేనైతే వంటింట్లో నిమ్మకాయ పిండుతాను. ఇయర్ బడ్డు కొన తడిపి, పిండేసి, కాంటాక్ట్ మీద మాత్రం రుద్దాలి. బుడగలు వస్తాయి. అవి ఆగాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టు. తడి లోపలికి కారిందా, మీటరు పోయినట్టే, అందుకే కెమెరాని తలకిందులుగా పెట్టకు, గది కిందికి ఉండేలా పట్టుకుని తుడువు. పచ్చ చిలుము వదలకపోతే పెన్సిల్ రబ్బరుతో గీకు, గరుకు కాగితం వద్దు, పూత పోతుంది.

నీ సెల్లు పాదరసంది కాబట్టి చేతికి గ్లవ్స్ వేసుకో, కిటికీ తీసి పెట్టుకో. పిల్లలున్న ఇంట్లో ఈ బటన్ సెల్లులు బల్ల మీద వదలొద్దు. మా అక్క మనవడు ఒకటి నోట్లో పెట్టుకున్నాడు, చూసింది కాబట్టి సరిపోయింది. మింగారన్న అనుమానం వచ్చినా ఆస్పత్రికి పరిగెత్తడమే, రేపు చూద్దాం అనుకోకూడదు.

పాతడబ్బా
సిల్వర్ ఆక్సైడ్ గురించి ఎవరూ వివరంగా రాయలేదు. వాచీ రిపేరు షాపులో "357" అని అడగండి, అదే ఎస్ఆర్ 44, 303 కూడా ఇదే కొలత. 1.55 వోల్ట్, చివరిదాకా అంతే, తర్వాత ఠక్కున పడిపోతుంది. చూడ్డానికి ఎల్ఆర్ 44 లాగే ఉంటుంది గానీ లోపల వేరు. పేరులో మొదటి అక్షరమే రసాయనం చెబుతుంది. ఎల్ అంటే ఆల్కలైన్, ఎస్ అంటే సిల్వర్, సీ అంటే లిథియం, పీ అంటే జింక్-ఎయిర్. రెండో అక్షరం ఆర్ అంటే గుండ్రంగా ఉంటుందని. ఇది తెలిస్తే షాపులో ఎవరూ మోసం చేయలేరు. ఏజీ 13, ఏ76 అని రాసినా ఎల్ఆర్ 44యే.

1.55 నుంచి 1.35కి రావాలంటే 0.2 తగ్గాలి. షాట్కీ డయోడ్ అనే చిన్న ఎలక్ట్రానిక్ ముక్క ఒకటి మధ్యలో పెడితే మీటరు లాగే చిన్న కరెంటు దగ్గర సుమారు అంతే తగ్గుతుంది. దాన్ని ఇత్తడి రింగులో పెట్టి అమ్మేవే ఈ అడాప్టర్లు, ఎంఆర్-9 అని వెతకండి. ఒకసారి కొంటే ఏళ్ళు. సోల్డరింగ్ వచ్చినవాళ్ళు కోఠి గుజరాతీ గల్లీలో డయోడ్ కొని ఇంట్లోనే చేసుకోవచ్చు, కానీ కెమెరా లోపలి వైరు కోసి పెట్టకండి, దాని మీద ప్రాణం ఉన్నవాడు అలా చేయడు.

ఒక మినహాయింపు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌కి ఈ తతంగం అక్కర్లేదు. దాని మీటరు బ్రిడ్జి సర్క్యూట్, వోల్టేజీ కొంచెం అటూ ఇటూ అయినా ముల్లు మధ్యకి వచ్చే చోటు మారదు. 394 సిల్వర్ సెల్లు చుట్టూ చిన్న రింగు వేసి పెట్టుకోండి చాలు.

ఎర్రలైటు
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాది యాషికా ఎలక్ట్రో 35. మాన్యువల్‌లో పాదరసం సెల్లు 5.6 వోల్ట్ అని ఉంది. దానికీ ఇదే గొడవా?

పాతడబ్బా
గొడవ వోల్టేజీతో లేదు, పొడవుతో ఉంది. దాని సర్క్యూట్ 6 వోల్ట్ హాయిగా తట్టుకుంటుంది. 4ఎల్ఆర్44 అనే 6 వోల్ట్ సెల్లు వేయండి, పాత సెల్లు కన్నా పొట్టి, సన్నం. అందుకని కాగితం గొట్టంలా చుట్టి అందులో సెల్లు పెట్టి, మిగిలిన పొడవుకి స్ప్రింగు పెట్టాలి. పాత టార్చిలైటు స్ప్రింగు నాకు సరిపోయింది. వెనక బటన్ నొక్కితే పచ్చలైటు వెలగాలి. సెల్లు లేకుండా నొక్కినా షట్టరు కొడుతుంది గానీ ఎప్పుడూ 1/500 మీదే, అది తెలియక "నా కెమెరా రాత్రి ఫోటోలు నల్లగా తీస్తోంది" అని కొందరు అమ్మేసుకుంటారు, అవే నేను కొనుక్కుంటాను 😀

బందరు_బల్బు
4ఎల్ఆర్44 అన్నారు కాబట్టి నా తెలివితక్కువతనం చెప్పుకుంటాను. కెనాన్ ఏఈ-1కి సెల్లు కావాలని పాతది చూపించి అడిగితే షాపు కుర్రాడు కాలింగ్ బెల్ రిమోట్‌లో వేసే 23ఏ ఇచ్చాడు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. కాస్త సన్నగా ఉంది, రేకు పెడితే సరిపోతుందిలే అనుకుని వేయబోయి, ఎందుకో మీద చదివాను. 12 వోల్ట్! ఏఈ-1కి కావాల్సింది 6. చెమటలు పట్టాయి.

పాతడబ్బా
మంచి మాట చెప్పారు. 4ఎల్ఆర్44 వెడల్పు 13, పొడవు 25 మిల్లీమీటర్లు. 23ఏ అయితే 10 వెడల్పు, 28 పొడవు. ఏఈ-1 అంతా కరెంటు మీద నడిచే కెమెరా, 1976లో మైక్రోప్రాసెసర్ పెట్టి వచ్చిన మొదటి ఎస్సెల్లార్ (లెన్స్‌లోంచే చూసి ఫోటో తీసే కెమెరా), సెల్లు లేకపోతే షట్టరే పడదు. అలాంటిదానికి 12 వోల్ట్ పెట్టి చూడాలన్న కోరిక ఎవరికీ వద్దు.

4ఎల్ఆర్44 దొరక్కపోతే నాలుగు ఎల్ఆర్ 44లు ఒకదాని మీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టొచ్చు, మూడున్నర మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది, అంత రేకు ముద్ద పెట్టాలి. నాలుగూ ఒకే అట్టలోంచి తీసినవి అయ్యుండాలి.

కోఠి_కుర్రోడు
పెంటాక్స్ కే1000 కెమెరా వాళ్ళకి ఒక ముచ్చట. ఎల్ఆర్ 44 ఒక్కటే పడుతది, వోల్టేజీ గొడవ లేదు. కానీ దానికి ఆన్ ఆఫ్ స్విచ్ లేదు! లెన్స్ మీద వెలుతురు పడ్డంతసేపు మీటరు కరెంటు గుంజుతనే ఉంటది. షెల్ఫ్‌లో షోకి పెట్టి నెలకో సెల్లు మార్చిన. మూత పెడితే చీకట్ల దాదాపు ఆగిపోతది. నికాన్ ఎఫ్ఎం2, ఎఫ్ఎం10 వాళ్ళకి రెండు ఎల్ఆర్ 44, లేదంటే ఒక్క సీఆర్1/3ఎన్ లిథియం, అది వేసి మర్చిపోవచ్చు.

రీలుబండి_రవ్వ
అన్నలూ నాది అసలు సమస్య. పోయిన ఆదివారం ఒక పాత ఆటోఫోకస్ ఎస్సెల్లార్‌కి, రెండు సీఆర్ 123ఏ లిథియం సెల్లులు పట్టేది, మళ్ళీ మళ్ళీ కొనలేక చార్జింగ్ సెల్లులు తెప్పించాను. ఒకే సైజు, సరిగ్గా దూరాయి. ఆన్ చేశాను, అర సెకను గుర్రుమంది, అంతే. ఇప్పుడు మామూలు సెల్లులు వేసినా ఉలుకూ పలుకూ లేదు. చచ్చిపోయిందా?

పాతడబ్బా
సైజు ఒకటైతే సెల్లు ఒకటే అనుకోవడం, ఈ చర్చ మొదటి నుంచి అదే కథ. సీఆర్ 123ఏ 3 వోల్ట్. మీరు తెచ్చిన లిథియం అయాన్ సెల్లు మీద 3.7 అని ఉంటుంది, నిండా చార్జి చేస్తే 4.2. రెండు కలిపితే 6 రావాల్సిన చోట 8.4 వెళ్ళింది. ఏఏ సైజులో 14500 అని వస్తాయే, అవీ ఇంతే, 1.5 వోల్ట్ చోట 3.7. పాత యాషికా ఎంఎఫ్-2 కెమెరాలో మామూలు 1.2 వోల్ట్ చార్జింగ్ సెల్లు వేసుకోవచ్చు, 14500 వేయకూడదు.

ఇక మీ కెమెరా. అదృష్టం ఉంటే ఫ్యూజు మాత్రమే పోయి ఉంటుంది. అలాంటి కెమెరాల్లో సెల్లు నుంచి వచ్చే తీగ దగ్గర, బోర్డు మీద, బియ్యపు గింజంత ఫ్యూజు ఉంటుంది.

రీలుబండి_రవ్వ
అయితే విప్పేస్తా. స్క్రూడ్రైవర్ సెట్టు ఉంది.

ఫిలిం_బాబాయ్
ఆగు నాయనా! ఆ కెమెరాకి తల మీద ఫ్లాష్ ఉందా?

రీలుబండి_రవ్వ
ఉంది.

ఫిలిం_బాబాయ్
అయితే లోపల ఫ్లాష్ కెపాసిటర్ ఉంది, సుమారు 300 వోల్ట్ దాచుకుని కూర్చుంటుంది, సెల్లులు తీసేసినా రోజుల తరబడి. 1994లో నాకు బొటనవేలికి తగిలింది, చేయి భుజందాకా తిమ్మిరెక్కి కెమెరా ఎగిరి గోడకి కొట్టుకుంది. నాకేమీ కాలేదు, కెమెరా ముక్కలైంది. ఫ్లాష్ ఉన్నదాన్ని మెకానిక్‌కి ఇవ్వు. "సెల్లు వోల్టేజీ ఎక్కువ వేశాను, ముందు ఫ్యూజు చూడండి" అని దాచకుండా చెప్పు, గంట పని పది నిమిషాల్లో తేలుతుంది. ఫ్యూజు పోయి ఉంటే అదే రేటింగుది వేయమను, సోల్డరు చుక్క పెట్టి కలిపేస్తానంటే ఒప్పుకోకు.

బందరు_బల్బు
మా మెకానిక్ అట్లాగే కలిపేశాడు, రెండేళ్ళ నుంచి బాగానే ఉంది కదా.

ఫిలిం_బాబాయ్
మా ఇంట్లో కూడా నాన్నగారు కిట్‌క్యాట్ ఫ్యూజులో ఒక పోగు ఉండాల్సిన చోట నాలుగు పోగుల రాగి తీగ చుట్టేవారు. చాలా ఏళ్ళు బాగానే ఉంది. ఒకరోజు ఫ్యూజు పోలేదు, మీటరు బోర్డు కాలింది. ఫ్యూజు చేయాల్సిన పని అదే, తను చచ్చి వెనకున్నదాన్ని కాపాడటం. కెమెరాలో అయితే వెనక ఉన్నది ఎక్కడా దొరకని బోర్డు.

స్టూడియో_సూరిబాబు
ఫ్యూజు మాట వచ్చింది కాబట్టి నాదీ చూడండి. రాజమండ్రిలో స్టూడియో మాది, మామయ్యగారి హాసెల్‌బ్లాడ్ 500 ఈఎల్/ఎం కెమెరా ఉంది, ఫిల్మ్ తిప్పే మోటారుది. సెల్లు గదిలో గాజు ఫ్యూజు ఉంది, పోయింది. మీద అక్షరాలు అరిగిపోయి 1.6 మాత్రం కనిపిస్తోంది. దాని ముందు ఎఫ్ ఉందా టీ ఉందా తెలియట్లేదు. షాపులో 1.6 లేదు 2 ఉంది అంటున్నాడు, 5 ఆంపియర్లది ఊరికే ఇస్తానంటున్నాడు 🙂

పాతడబ్బా
5 వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు. ఎఫ్ అంటే వెంటనే పోయేది, టీ అంటే కొంచెం ఆగి పోయేది. మోటారు కదిలే మొదటి క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఎఫ్ వేస్తే ఏ తప్పూ లేకుండానే పోతుంది. కాబట్టి టీ 1.6 వెతకండి. 20 మిల్లీమీటర్ల పొడవు, 5 వెడల్పుదేనా కొలిచి చూసుకోండి. గాజు మీద 250 వోల్ట్ అని ఉంటే కంగారుపడకండి, అది తట్టుకునే గరిష్ఠం, 6 వోల్ట్ దగ్గరా ఆంపియర్ల లెక్కే పనిచేస్తుంది.

పోయిన ఫ్యూజుని వెలుతురుకి పెట్టి చూశారా? గాజు లోపల నల్లగా, వెండిరంగు పూసినట్టు ఉంటే ఎక్కడో గట్టి షార్టు జరిగింది, కొత్తది వేసినా పోతుంది. తీగ మధ్యలో శుభ్రంగా తెగి గాజు తెల్లగా ఉంటే ముసలితనమో, చిన్న భారమో.

స్టూడియో_సూరిబాబు
గాజు తెల్లగానే ఉంది. తీగ మధ్యలో తెగింది. ఇంకో ప్రశ్న, పాత నికెల్ కాడ్మియం సెల్లు పోయింది, 9 వోల్ట్ సెల్లు పెట్టే అడాప్టర్ ఆన్‌లైన్‌లో ఉంది. అసలుది 6 కదా?

పాతడబ్బా
నేనైతే వేయను. 6కి 9 అంటే ఒకటిన్నర రెట్లు.

డల్లాస్_డార్క్‌రూమ్
ఇక్కడ చాలామంది అదే వాడుతున్నారండీ. 9 వోల్ట్ సెల్లు బలహీనం, మోటారు లాగగానే వోల్టేజీ కిందికి పడిపోతుంది, అందుకే ఇబ్బంది రాదంటారు.

పాతడబ్బా
లాగినప్పుడు పడుతుంది సరే, లాగనప్పుడు? బలహీనత మీద భరోసా పెట్టుకోవడం నాకు నచ్చదు. పాత సెల్లు డొల్లలో చిన్న నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు ఐదు వరుసగా కడితే 5 ఇంటూ 1.2, సరిగ్గా 6. ఇలా కట్టిన ప్యాకులు రెడీగా కూడా దొరుకుతాయి. చంద్రుడి మీదకి తీసుకెళ్ళింది ఈ ఈఎల్ వంశంలోదాన్నే సూరిబాబు గారూ, మనం రాజమండ్రిలో దాన్ని కాల్చేస్తే బాగుండదు.

స్టూడియో_సూరిబాబు
😂 సరే, ఐదు సెల్లుల ప్యాకే.

అపెర్చర్_అక్క
డల్లాస్ గారూ, మా తమ్ముడు డిసెంబరులో అక్కడి నుంచి వస్తున్నాడు, సీఆర్ 2 సెల్లులు ఒక డజను తెమ్మనవచ్చా? ఇక్కడ మాకు దొరికినవి ఒక్క రీలుకే చచ్చిపోతున్నాయి, ప్యాకింగ్ చూస్తే అనుమానంగా ఉంది.

డల్లాస్_డార్క్‌రూమ్
తెమ్మనండి అక్కా. విడి లిథియం సెల్లులు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి సంచిలోనే. అట్ట విప్పకుండా తెస్తే ఒకదానికొకటి తగలవు. మీ కెమెరా సీఆర్ 2దో 123ఏదో మూత లోపల చూసి చెప్పండి, రెండూ 3 వోల్టే గానీ 123ఏ లావు, పొడవు.

కడప_కెనానెట్
రెండు వారాల తర్వాత వస్తున్నాను. అక్క చెప్పినట్టు నిమ్మకాయతో తుడిచాను, చిలుము పోయింది. 675కి ఓ-రింగు వేశాను, మొదట తెచ్చింది లావైంది, మళ్ళీ వెళ్ళాను, షాపతను "ఏ కుళాయికమ్మా" అని అడిగితే కెమెరాకి అన్నాను, వింతగా చూశాడు.

ఫిల్మ్ పెట్టకముందే పరీక్ష చేశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో రింగు 200 మీద, షట్టరు 1/250 మీద పెట్టి మా మేడ గోడ చూపిస్తే ముల్లు అపెర్చర్ 16కి కొంచెం ఇటు నిలబడింది, ఆ ఎండకి రావాల్సింది దాదాపు అదే. అదే గోడకి పాత 625ఏ వేసి చూస్తే ముల్లు 16 దాటిపోయింది. ఇంట్లో కిటికీ దగ్గర ఫోనులో మీటరు యాప్‌తో పోల్చినప్పుడు తేడా ఇంకోలా వచ్చింది, బాబాయ్ గారు చెప్పింది నిజమే, అన్నిచోట్లా ఒకేలా లేదు.

తర్వాత ఒక రీలు కొట్టాను, నిన్ననే స్కాన్లు వచ్చాయి. 36లో 33 బాగున్నాయి. మిగతా మూడింటిలో నా వేలు ఉంది.

ఫిలిం_బాబాయ్
వేలికి సెల్లు మార్చలేం తల్లీ.

సత్తెనపల్లి_షట్టర్
సూపర్. సెల్లు వేసిన తేదీ చిన్న కాగితం మీద రాసి తోలు కవరు లోపల అతికించండి, మే నెలలో ఎండిపోతే తెలుస్తుంది.

రీలుబండి_రవ్వ
నాది కూడా చెప్తా. మెకానిక్ విప్పాడు, ఫ్యూజే పోయింది, మార్చాడు, నడుస్తోంది. చార్జింగ్ సెల్లులు టార్చిలైటులో వేసుకున్నాను, అది మాత్రం బ్రహ్మాండంగా వెలుగుతోంది.

స్టూడియో_సూరిబాబు
టీ 1.6 చివరికి చెన్నై రిచీ స్ట్రీట్‌లో మా బావమరిది పట్టాడు. పది తెమ్మన్నాను, నాకు రెండు పోను ఎనిమిది మిగులుతాయి, ఈఎల్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.